ఒకటిన్నర చుట్టు

షెహాతా తాడును కింది పెదవికి ఆనించి నెమ్మదిగా లాగుతున్నాడు. పడవను ఓడమీదికి ఎత్తే నాలుగు కాళ్ల మోకు అది. కొక్కెం దగ్గర మొదలుపెట్టి కొసదాకా, కళ్లు మూసుకుని, ఒక్కో కాలూ అలాగే చూస్తున్నాడు. పోగు తెగినచోట పెదవికి గుచ్చుకుంటుంది. ఉప్పు పేరుకున్నచోట గరగరలాడుతుంది. సూయజ్ కాలువ మొదట్లోని తౌఫీక్ రేవులో అప్పుడప్పుడే తెల్లవారుతోంది. వరసలో మొదటి ఓడలు కాలువ నోట్లోకి తిరుగుతున్నాయి.

“అయ్యాయా ముద్దులు?” అన్నాడు ఫిక్రీ. పడవ ముందుభాగంలో కూర్చుని చిక్కుడు గింజల రొట్టె తింటున్నాడు. “ఈ సంగతి అత్తకి తెలుసా మామా?”

“తెలిస్తే తాడుకి విడాకులిమ్మంటుంది. నోరు మూసుకుని తిను.”

ఫిక్రీ నవ్వాడు. షెహాతా నవ్వలేదు. మూడో కాలు మళ్లీ మొదటినుంచి చూశాడు.

పోయినేడాది దాకా ఈ పని వేళ్లతోనే చేసేవాడు. తాడును చేతుల్లోంచి జారవిడుస్తూ పక్కవాడితో కబుర్లు చెబుతూనే, ఠక్కున ఆగి, “ఇదిగో, ఇక్కడ,” అనేవాడు. పేట విప్పి చూస్తే లోపల తెల్లటి పొడి రాలేది. ఈ చలికాలం మొదట్లో కుడిచేతి బొటనవేలూ, దాని పక్కనున్న రెండు వేళ్లూ తెల్లవారుజామున తిమ్మిరెక్కడం మొదలైంది. నెల తిరిగేసరికి ఆ తిమ్మిరి పగలంతా ఉండిపోయింది. తర్వాత తిమ్మిరి కూడా పోయింది. ఇప్పుడు ఆ మూడు వేళ్లూ ఎవరో అరువిచ్చినట్టు చేతికి అతుక్కుని ఉంటాయంతే. పిడికిలి బిగిసిందో లేదో తెలియాలంటే కళ్లతో చూసుకోవాలి.

ఇంట్లో టీ గ్లాసు మూడుసార్లు జారిపడింది. మూడుసార్లూ “వేడిగా ఉంది” అన్నాడు. నాలుగోసారి పెద్దకూతురు ఇన్సాఫ్ టీని చెవి ఉన్న లావుపాటి కప్పులో తెచ్చి, ఏమీ అనకుండా ఎడమచేతి వైపు పెట్టి వెళ్లింది. ఆ మాట ఆమె మొగుడికి చెప్పిందో లేదో షెహాతాకు తెలియదు. మొగుడంటే ఈ ఫిక్రీయే.

ఫిక్రీ మొన్నటిదాకా అర్బయీన్ బజారులో మంగలి దుకాణంలో పనిచేసేవాడు. పడవల్లోకి వచ్చి ఎనిమిది నెలలైంది. తీసుకొచ్చింది షెహాతాయే. ఆ రోజు ఇన్సాఫ్ ఏడ్చింది. తాడు తెగి కాలు పోగొట్టుకున్నవాళ్లు వాళ్ల వీధిలోనే ఇద్దరున్నారు. “నా పడవలోనే ఉంటాడమ్మా,” అని మాటిచ్చాడు. “నా చేతిలో తాడుండగా వాడికేం కాదు.” చెయ్యి సంగతి ఆఫీసుకు తెలిస్తే మర్నాడే అతన్ని గట్టెక్కించి, కొట్టంలో లైఫ్ జాకెట్లు లెక్కపెట్టే పనిలో కూర్చోబెడతారు. ఫిక్రీ ఇంకెవరి పడవలోకో పోతాడు. అందుకే చెప్పలేదని తనకు తాను నచ్చజెప్పుకునేవాడు. ఒక్కోసారి, నిద్ర పట్టనప్పుడు, అది సగమే నిజమని అనిపించేది.

ఎర్రపొట్ట ఓడ దగ్గరికి వచ్చింది. గోధుమలు మోసే పాత ఓడ. క్రేను కొక్కెం కిందికి దిగింది. దాంతోపాటు ఓడవాళ్లు తమ ఇనపతాడు కూడా దింపారు. షెహాతా దాన్ని పక్కకు నెట్టి తన మోకు తగిలించాడు. పడవ ఖాళీగా పైకి లేచింది. వాళ్లిద్దరూ నిచ్చెనమీదుగా ఎక్కారు. నిచ్చెన మెట్లకు ఎడమచేతిని ముందు వేస్తూ, కుడి మోచేతిని కడ్డీకి చుట్టి ఎక్కడం అతనికి అలవాటైపోయింది.

డెక్కుమీద ఫిక్రీ సంచీ విప్పి ఇత్తడి పిరమిడ్లూ, ఒంటె బొమ్మల తాళంచెవి గుత్తులూ పరిచాడు. నావికులు మూగారు. ఇంకో పడవ తాలూకు ఇద్దరూ నీడలో దుప్పటి వేసుకుని పడుకున్నారు. గాలి బాగుంటే ఈ మనుషులకు ఓడమీద పనేమీ ఉండదు. పొద్దున సూయజ్‌లో ఎక్కి, సాయంత్రం పోర్ట్ సయీద్‌లో దిగి, బస్సులో ఇంటికి రావడమే. ఓడను మధ్యలో ఆపి గట్టుకు కట్టవలసి వస్తేనే పడవ నీళ్లలో దిగుతుంది.

ఇరవయ్యారేళ్లుగా షెహాతా ఇదే దారిలో పోయి వస్తున్నాడు. అతను ఎక్కిన ఓడలు ఎక్కడెక్కడికో పోయాయి. వాటి పేర్లు చదవడం అతనికి రాదు. ఓడ ఏ దేశానిదో, ఏం మోస్తోందో పట్టించుకోడు. ఎక్కగానే వెనకభాగానికి నడిచి తాళ్లు చూస్తాడు. చెక్కలమీద చుట్టి పైన గుడ్డ కప్పారంటే ఆ కెప్టెన్ మంచివాడు. ఇనప నేలమీద ఎండలో పడేశారంటే ఆ రోజంతా జాగ్రత్తగా ఉండాలి.

ఈ ఓడలో తాళ్లు ఎండలో ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో రకం. సాగే తాడూ, సాగని తాడూ కలిపి ఒకే గుంజకు వేసినట్టు మచ్చలున్నాయి. అలా వేస్తే సాగనిది ముందు భారమంతా మోసి తెగుతుంది, తర్వాత రెండోదీ తెగుతుంది. ఒక మోకు మీద అరచెయ్యంత మేర నున్నగా మెరుస్తోంది. యంత్రం చక్రం మీద రాసుకుని కరిగిపోయిన చోటు అది. షెహాతా ఓడ సరంగును చేత్తో పిలిచి ఆ మెరుపు చూపించాడు. సరంగు ముందుపళ్లు లేని పొట్టివాడు. చూసి, భుజాలెగరేసి, సిగరెట్టు ఇచ్చాడు.

షెహాతా సిగరెట్టు చెవివెనక పెట్టుకుని ఆ మోకు పక్కనే కూర్చున్నాడు. నాన్న ఇలాంటి తాళ్లను ఒప్పుకునేవాడు కాదు. నాన్న కాలంలో అన్నీ నారతాళ్లే. ఎండలో ఆరేస్తే వీధంతా ఆ వాసన వచ్చేది. యుద్ధం వచ్చి కాలువ మూసిన ఎనిమిదేళ్లూ నాన్న జగాజీగ్ దగ్గర ఒక పల్లెలో ఎవరి పొలంలోనో గడ్డి కోశాడు. అక్కడ గేదెను కూడా ఓడను కట్టినట్టే, ముడి లేకుండా గుంజకు చుట్టు వేసి కట్టేవాడు. ఊరివాళ్లు నవ్వేవారు. ఒకసారి గేదె పొలం కాలువలో జారి, మెడతాడు బిగిసి మునుగుతుంటే, అంత దూరంనుంచి తాడు కొస ఒక్క విసురుతో వదిలించింది నాన్నే. ముడి వేసిన పక్కింటివాళ్ల గేదె ఆ వారంలోనే అలాగే జారి చచ్చింది.

“గుంజ తాడుకి బలమిస్తుంది. చెయ్యి బుద్ధినిస్తుంది,” అనేవాడు.

కాలువ మధ్యలోని చేదు సరస్సులు దాటిన కాసేపటికి పడమటి ఆకాశం పసుపురంగుకు తిరిగింది. ముందు ఇసుక వాసన వచ్చింది. తర్వాత పళ్లమధ్య ఇసుక వచ్చింది. ముందు పోతున్న ఓడ లీలగా మారి, ఇంక కనబడలేదు. ఓడకు కాలువలో దారి చూపే పైలట్ పైనుంచి హారన్ కొట్టించాడు. ఓడను పడమటి గట్టుకు కట్టాలి. గాలి అటునుంచే వీస్తోంది కనుక ఓడను గట్టునుంచి అవతలికి నెడుతోంది. తాళ్లు త్వరగా గట్టెక్కకపోతే ఓడ అడ్డం తిరిగి ఇసుకలో కూరుకుపోతుంది.

“లే అల్లుడూ. దుకాణం కట్టెయ్.”

“ఇప్పుడే ఒకడు ఒంటెకి రెండు సబ్బులిస్తానన్నాడు మామా!”

“ఒంటెని నెత్తిన పెట్టుకో. పద.”

ముందు తాళ్లు ఇంకో పడవవాళ్లకు, వెనక తాళ్లు వీళ్లకు. సరంగు సన్నతాడు దింపాడు. దీని కొసను పడవలోకి తీసుకుని గట్టుకు చేరిస్తే, గట్టుమీది మనుషులు దాన్ని లాగుతారు. దాని వెంట పెద్ద మోకు వస్తుంది. సరంగు దింపింది పసుపుపచ్చ ప్లాస్టిక్ తాడు. షెహాతా దాన్ని పెదవికి ఆనించనైనా ఆనించలేదు. ఎండకు పెళుసెక్కి పొట్టు రాలుతోంది. తల అడ్డంగా ఊపి, అక్కడే కొక్కేనికి వేలాడుతున్న నీలితాడు చూపించాడు. సరంగు గొణుక్కుంటూ మార్చాడు. కొత్తది, మూడు పేటలది, గట్టిది. ఆ ఓడలో ఉన్న మంచితాడు అదొక్కటే.

పడవ నీళ్లలో దిగింది. ఫిక్రీ గట్టుకు కొస విసరడానికి ముందుభాగానికి పోయాడు. షెహాతా వెనక నిలబడి ఎడమచేత్తో ఇంజను చుక్కాని పట్టుకున్నాడు. అతని కుడివైపు పడవ అంచున మోకాలెత్తు చెక్కగుంజ ఉంది. నీలితాడును ఆ గుంజకు ఒకటిన్నర చుట్టు వేసి, కొసను కుడిచేత్తో పట్టుకోవాలి. చుట్టు భారాన్ని మోస్తుంది. చేతికి మోయవలసింది కొద్దిగానే. పైన ఏదైనా తేడా వస్తే పిడికిలి విప్పితే చాలు, తాడు తనంతట తాను జారిపోతుంది. ఆ కొసకు ముడి మాత్రం వేయకూడదు. వెనక పదిమంది మనుషుల బరువున్న మోకు ఉంటుంది. దాని వెనక ఓడ ఉంటుంది. పడవ ముడితో వాటికి కట్టుబడితే, అవి ఎటు పోతే అటు పోవలసిందే. ఈ మాటను అతను ఫిక్రీకి మొదటి రోజే చెప్పాడు. చెప్పి, వాడిచేత వందసార్లు చుట్టు వేయించాడు.

సగం దూరం పోయేసరికి కొస జారిపోయింది.

అతనికి తెలియనే లేదు. చెయ్యి మూసి ఉందనుకున్నాడు. కిందికి చూసేసరికి నీలితాడు గుంజమీదనుంచి గిరగిరా ఊడి నీళ్లలోకి పోతోంది.

“ఏమైంది మామా?”

“తాడుకి నూనె ఉందిరా!”

పడవ తిప్పి మళ్లీ ఓడ కిందికి పోయారు. సరంగు పైనుంచి తన భాషలో తిట్లు తిట్టాడు. తాడు మళ్లీ వచ్చింది. ఓడ వెనకభాగం అప్పటికే గట్టుకు బారెడు బారెడుగా దూరమవుతోంది. మళ్లీ ఒకటిన్నర చుట్టు. ఈసారి షెహాతా తన పిడికిలి వైపే చూస్తూ నిలబడ్డాడు. కాని చుక్కాని పట్టినవాడు ముందుకు చూడాలి. ముందుకు చూస్తే చెయ్యి ఏం చేస్తోందో తెలియదు. కళ్లనిండా ఇసుక. కొస మళ్లీ ఒక జానెడు జారింది. అది చూశాడు కనుక మోచేత్తో అదిమిపెట్టాడు.

మూడోసారి వెనక్కి పోవడానికి టైము లేదు. మూడోసారి జారితే ఫిక్రీ వెనక్కి తిరిగి ఈ చేతిని చూస్తాడు.

గట్టు దాకానే, అనుకున్నాడు. ఒక్క గట్టు దాకా.

చుక్కానిని తొడతో అదిమి, ఎడమచేత్తో కొసను తిప్పి, గుంజమీద రెండు ముడులు వేశాడు. తుమ్మినంతసేపు కూడా పట్టలేదు. ఇరవయ్యారేళ్లలో అదే మొదటిసారి. చెయ్యి ఖాళీ అయినందుకు ఒళ్లంతా తేలికైంది. అందుకు సిగ్గేసింది కూడా.

గట్టుమీద మనుషులు మసగ్గా కనబడ్డారు. లారీ దీపాలు వెలుగుతున్నాయి. రయ్యిస్ మెత్వల్లీ గొంతు వినిపించింది. ఆ పక్క గట్టుపని అంతటికీ ఆయనే పెద్ద. “ఇటు! ఇటు రండి!” ఫిక్రీ కొసచుట్ట చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు.

అప్పుడు తాడు రావడం ఆగిపోయింది.

పైన ఎవడో ఇసుకలో ఏమీ కనబడక తాడు వదిలే యంత్రాన్ని ఆపి ఉంటాడు. ఓడ మాత్రం ఆగలేదు, గాలికి అవతలికి జరుగుతూనే ఉంది. నీళ్లలో వదులుగా ఉన్న మోకు లేచింది. దాని వెనక నీలితాడు నీళ్లు చిమ్ముతూ గీతలా బిగుసుకుంది. సన్నటి కూత మొదలైంది. ఆ కూత షెహాతాకు తెలుసు. పడవ వెనకభాగం చటుక్కున కుంగింది. నీళ్లు అంచుమీదుగా లోపలికి వచ్చాయి.

“వదులు మామా! వదిలెయ్!”

ముడి రాయిలా బిగిసింది. చచ్చిన వేళ్లు దానిమీద జారుతున్నాయి.

“వదులు! ఎందుకు వదలవు?”

మోకాళ్లదాకా నీళ్లు. పడవ ముక్కు ఆకాశంలోకి లేచింది. ఫిక్రీ అరుపు సగంలో ఆగిపోయింది. షెహాతా ఎడమచేత్తో నడుముకున్న కత్తి లాగి తాడుమీద కోశాడు. మొదటి పేట తెగింది. అలవాటు లేని చెయ్యి. రెండో పేటను రంపంలా కోశాడు. మూడోది తనంతట తానే తెగింది. తెగిన కొస అతని చెవిపక్కనుంచి ఈల వేస్తూ పోయింది. అంగుళం ఇటైతే తల పోయేది. పడవ ధబ్బున నీళ్లమీద పడింది.

ముందుభాగంలో ఎవరూ లేరు.

“అల్లుడూ!”

చుట్టూ పసుపు తప్ప ఏమీ లేదు. ఇంజను ఆగిపోయింది. గాలి హోరు, గట్టుమీది కేకలు.

“ఫిక్రీ! ఒరే ఫిక్రీ!”

నీళ్లవైపు చూశాడు. నురగ, ఒక రొట్టె సంచీ, మళ్లీ నురగ. ఇన్సాఫ్ మొహం గుర్తు రాలేదు. ఆమె ఎడమవైపు పెట్టిన కప్పు కూడా గుర్తు రాలేదు. నోట్లో ఇసుక రుచి తప్ప ఏదీ గుర్తు లేదు. మోకాళ్లమీద కూర్చుని ఎడమచేత్తో నీళ్లను వెదుకుతూ పేరు పిలుస్తూనే ఉన్నాడు.

పడవ అంచుకు కట్టిన పాత టైరు కదిలింది. దాంట్లోంచి నాలుగు వేళ్లు బయటికి వచ్చాయి.

షెహాతా ఎడమచేతిని వాడి చంకలోకి, కుడి మోచేతిని జాకెట్ పట్టీలోకి దూర్చి పడవలోకి లాగాడు. ఇద్దరూ నీళ్లలోనే కూలబడ్డారు. ఫిక్రీ దగ్గి దగ్గి కక్కుకున్నాడు. ఊపిరి అందాక తన కాళ్లవైపు చూసుకున్నాడు.

“చెప్పు పోయింది మామా. కొత్తది. మీ అమ్మాయి నన్ను చంపేస్తుంది.”

గాలికి పడవ మళ్లీ ఓడ కిందికే కొట్టుకుపోయింది.

పైనుంచి సరంగు ఇంకో తాడు దింపుతున్నాడు. కళ్లు దించి, రెండు చేతులు జోడించి ఏదో అంటున్నాడు. ఫిక్రీ లేచి పడవలో నీళ్లు తోడాడు. ఇంజను తాడు నాలుగుసార్లు లాగి వెలిగించాడు. తర్వాత వెనక్కి వచ్చి గుంజ దగ్గర నిలబడ్డాడు. గుంజమీద ముడి ఉంది. వాడు దాన్ని చూశాడు. మామ మొహం చూడలేదు.

“నువ్వు ముందుకెళ్లు మామా. తాడు నేను పడతాను.”

షెహాతా ముందుకు పోయాడు. ఫిక్రీ ఆ ముడికి పైన, గుంజలో మిగిలిన చోట, కొత్తతాడును ఒకటిన్నర చుట్టు వేసి కొస పిడికిట్లో పట్టుకున్నాడు. గట్టు చేరేదాకా షెహాతా వెనక్కి తిరగలేదు. కొసను ఎడమచేత్తోనే విసిరాడు. అది పోయి రయ్యిస్ కాళ్లదగ్గర పడింది. మనుషులు లాగారు, మోకు వచ్చింది, ఇనప గుంజకు ఎక్కింది. తర్వాత రెండోది. గంటలో ఓడ నిలబడింది.

రయ్యిస్ మెత్వల్లీ గట్టుమీద కూర్చున్న షెహాతా దగ్గరికి వచ్చాడు. ఇద్దరికీ ఇరవయ్యేళ్ల పరిచయం.

“ముసలోడివైపోయావు. అంతసేపా తాడు వదలడానికి?”

“నా చెయ్యి పోయింది రయ్యిస్.”

“ఏదీ, తెగిందా?”

“లేదు. చలికాలంలోనే పోయింది. ఎవరికీ చెప్పలేదు.”

రయ్యిస్ వంగి ఆ చేతిని తీసుకుని, బొటనవేలును గోటితో గిల్లాడు. షెహాతా మొహంలో ఏమీ కదల్లేదు. రయ్యిస్ చేతిని మెల్లగా ఒళ్లో పెట్టేశాడు.

“కుర్రాడికి తెలుసా?”

“ఇప్పుడు తెలిసింది.”

రయ్యిస్ లారీ చూపించి, గట్టుపనివాళ్లలో ఒకణ్ణి చేత్తో పిలిచాడు. “లారీలో కూర్చో. నీళ్లున్నాయి, తాగు. కినావీ! షెహాతా జాకెట్ తీసుకో. పోర్ట్ సయీద్ దాకా నువ్వు పోతున్నావు.”

మధ్యాహ్నానికి గాలి తగ్గింది. ముందు ఓడ వెనకభాగం మళ్లీ కనబడింది. తాళ్లు విప్పే వేళకు ఫిక్రీ ఒంటి చెప్పుతో కుంటుకుంటూ లారీ దగ్గరికి వచ్చాడు.

“ఇన్సాఫ్‌కి ఏం చెప్పను మామా?”

“నీకంటే ముందు నేనే ఇల్లు చేరతాను. నేనే చెబుతాను.” షెహాతా తన చెప్పులు విప్పి కిటికీలోంచి ఇచ్చాడు. “కినావీ నమ్మకమైనవాడు. వాడి మాట విను.”

ఫిక్రీ చెప్పులు తొడుక్కున్నాడు. అవి వాడికి చిన్నవి. మడమలు బయటికి వచ్చాయి. “సరే మామా” అని, గట్టు దిగి పడవలోకి పోయాడు. లారీ కదిలి ఇసుక దారిలో దక్షిణంగా తిరిగింది.

పడవను ఓడ పక్కకు చేర్చి కొక్కెం తగిలించారు. కినావీ గుంజవైపు చూసి నడుముకున్న కత్తి తీశాడు. “ఇదెవడు కట్టాడ్రా? కోసి పారేద్దాం.”

“ఉండనీ,” అన్నాడు ఫిక్రీ.

ఇద్దరూ నిచ్చెన ఎక్కారు. క్రేను లాగింది. ఖాళీ పడవ నీళ్లు కార్చుకుంటూ ఎర్రపొట్ట పక్కనుంచి పైకి లేచింది. దాని వెనక గుంజమీద బెత్తెడు నీలితాడు, రెండు ముడులతో, ఇంకా తడిగా, ఎవరి వేళ్లకూ విడిపడనంత గట్టిగా బిగుసుకుని ఉంది.